మూడు నిమిషాల ఆటలో పడ్డ మచ్చ

నేను దొంగాట ఆడానని ఒక చదరంగం సైటు వాళ్లు నా అకౌంట్ మూసేసి, నా పేరు పక్కన ఎర్రగుర్తు పెట్టారు. ఆ గుర్తు మీద మౌస్ పెడితే, నిజాయితీ లేకుండా ఆడినందుకు మూసేశాం అని ఇంగ్లీషులో కనపడుతుంది. ప్రపంచంలో ఎవడైనా చూడొచ్చు. నేను దొంగాట ఆడలేదు. ఏ యంత్రాన్నీ అడిగి ఒక్క ఎత్తు వెయ్యలేదు. జరిగి కొన్నేళ్లయింది, ఇంకా ఎందుకు పట్టుకుని వేలాడతారు అంటారు ఇంట్లోవాళ్లు. మచ్చ పడ్డది వాళ్ల మీద కాదు కాబట్టి అనగలరు.

నా చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. తరవాత వచ్చిన ఇంగ్లీషు, టైపు, చదరంగం అన్నీ ఎవడూ నేర్పకుండా నేర్చుకున్నవే. బెజవాడలో లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ణి. లోడు ఎక్కేదాకా డ్రైవర్లకి పని ఉండేది కాదు. చెక్కపెట్టె మీద సుద్దతో గళ్లు గీసి ఆడేవాళ్లం. ఆడేది ఇద్దరే గాని చుట్టూ నిలబడ్డవాళ్లంతా చెబుతూనే ఉండేవాళ్లు. క్లీనరు చెప్పేవాడు, హమాలీ చెప్పేవాడు, టీ తెచ్చినవాడు గ్లాసులు దించకుండానే "ఆ బంటు తొయ్యవయ్యా" అని చెప్పి పోయేవాడు. దాన్ని తప్పని ఎవరూ అనుకోలేదు. చెప్పేవాడి నోరు మూయించడం మర్యాద కాదు, విని వెయ్యడం తెలివీ కాదు. పావు ముట్టుకుంటే మాత్రం ఆ పావే కదపాలి. ఓడితే తిట్లు వేసినవాడికే. నేనెరిగిన చదరంగం అది. నోరు మూసుకుని ఆట చూసే మనుషులు కూడా ఉంటారని నాకు అప్పటికి తెలీదు.

మా ఆవిడ పోయాక అమ్మాయి నన్ను అమెరికాకి, టెక్సాస్‌లో తనుండే ప్లేనో ఊరికి తీసుకొచ్చింది. పొద్దున్నే అమ్మాయీ అల్లుడూ చెరో కారులో వెళ్లిపోతే, సాయంత్రం దాకా ఇంట్లో నేనూ, ఫ్రిజ్ చప్పుడూ. ఫుట్‌పాత్ మీద నడుస్తుంటే, పాపం ఈయనకేమైందో అన్నట్టు చూస్తారు కార్లలోవాళ్లు. నాకు డ్రైవింగ్ రాదు. కొత్తిమీర కట్ట కావాలన్నా శనివారం దాకా ఆగాలి. అల్లుడు మంచివాడే. తన పాత లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "ఊరికే కూర్చోడం ఎందుకు మామయ్యా, ఇందులో చెస్ ఆడండి" అని అకౌంట్ తెరిచి, పేరు నన్నే పెట్టుకోమన్నాడు. ఆ ఇంట్లో నేను ఒకరికి నాన్నని, ఒకరికి మామయ్యని, వచ్చేపోయేవాళ్లందరికీ అంకుల్‌ని. ఆ సైటులో పెట్టుకున్న పేరు ఒక్కటే నాకు నేను సంపాదించుకున్నది.

మూడు నిమిషాల ఆట ఎన్నుకున్నాను. ఒక్కొక్కరికి మూడు నిమిషాలు, ఎవడి టైం అయిపోతే వాడు ఓడినట్టే. చెక్కపెట్టె మీద మధ్యాహ్నమంతా సాగే ఆట అలవాటైనవాణ్ణి. అవతలివాడి మంత్రి నా చేతికి వచ్చాక కూడా ఓడిపోయేవాణ్ణి. ఎంత నిశ్చింతగా గెలుస్తున్నానో చూసుకుంటూ ఉండగానే గడియారం సున్నా చూపించేది. అవతలివాడు ఏ దేశం పిల్లకాయో. కనీసం "బాగా ఆడారు" అని కూడా అనేవాడు కాదు. పోయేవాడు.

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే నేను నేర్చుకుంటాను, చిన్నప్పటినించీ అంతే.

మొదట లాప్‌టాప్ మీద వేలితో రుద్దడం మానేసి మౌస్ తెప్పించుకున్నాను. వేలు జారి ఏనుగు పక్కగడిలో పడి ఓడిన ఆటలు ఎన్నో నాకే లెక్క లేదు. రెండోది, మంచి ఎత్తు కోసం వెతకడం మానేశాను. ఇది చాలా బాధపెట్టింది, అదే కదా చదరంగం అని నమ్మి బతికినవాణ్ణి. మూడు నిమిషాల్లో మంచి ఎత్తు అక్కర్లేదు, చెడ్డది కాకపోతే చాలు, వెంటనే పడాలి. తెల్లపావులొస్తే రోజూ ఒకే మొదలు, నల్లవొస్తే రోజూ ఒకే మొదలు పెట్టుకున్నాను. దాంతో మొదటి ఎనిమిది, పది ఎత్తులకి బుర్రతో పని లేకుండా పోయింది. అవతలివాడి గడియారం నడుస్తున్నప్పుడు ఆలోచించడం అలవాటు చేసుకున్నాను. వాడు ఎత్తు వేసేలోగా మన ఎత్తు ముందే పెట్టి ఉంచే ఏర్పాటు ఒకటి ఉంది అందులో. మొదట్లో అది తెలిసి, ఎక్కడపడితే అక్కడ వాడి, మంత్రిని ఉత్తినే పోగొట్టుకున్నాను. తరవాత, వాడు నా పావు కొడితే నేను తిరిగి కొట్టక తప్పని చోట మాత్రమే వాడాను.

ఆట అయిపోయాక ఓడిన ఆట మళ్లీ చూసేవాణ్ణి. చాలాసార్లు ఒకటే తప్పు: అవతలివాడు ఆ ఎత్తు ఎందుకు వేశాడని అడక్కుండా నా ఎత్తు నేను వేసుకుపోవడం. ఆలోచిస్తే బతుకులో నా చాలా గొడవలకి కూడా అదే కారణం, కాని ఇప్పుడది కాదు విషయం. ఒక ఏనుగు, రాజు మిగిలితే ఒంటరి రాజుని కట్టడం యంత్రంతో సాధన చేశాను. అది పోటీ ఆట కాదు, సైటువాళ్లే నేర్చుకోమని పెట్టిన సాధన. కళ్లు మూసినా చెయ్యి దాని దారిన అది వెళ్లేదాకా చేశాను. వరసగా రెండు ఓడితే లాప్‌టాప్ మూసి దొండకాయలు తరిగేవాణ్ణి. కోపంతో మూడో ఆట ఆడినవాడు నాలుగోది కూడా ఓడతాడు.

ఏడాది తిరిగేసరికి పన్నెండు వందల్లో ఉన్న నా రేటింగ్, అంటే గెలుపోటముల్ని బట్టి సైటువాళ్లు వేసే అంకె, పద్దెనిమిది వందలు దాటింది. డెబ్బై దాటినవాడికి అది చిన్న విషయం కాదు. ఆ పైకెక్కడమే నా కొంప ముంచింది.

శనివారాలు అల్లుడి స్నేహితులు వచ్చేవాళ్లు. అందరూ సాఫ్ట్‌వేర్, అందరూ గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూసేవాళ్లు. వాళ్లలో వరంగల్ అబ్బాయి ఒకడు. అబ్బాయంటే నలభైకి దగ్గర్లో ఉన్నాడు. వాడూ అదే సైటులో ఆడతాడు, నాకంటే బాగా కింద. బిర్యానీ అయ్యేలోగా నా కుర్చీ వెనక చేరేవాళ్లు.

"అంకుల్, గుర్రంతోని కొట్టుర్రి! కొట్టుర్రి!"

"కొడితే మంత్రి పోద్దిరా."

"ఎట్ల పోతది? నేను చూస్తున్న గద!"

ఒక్కోసారి వాడి గోల పడలేక కొట్టేవాణ్ణి. మంత్రి పోయేది.

"అరె, ఆడ ఏనుగున్నదా!" అనేవాడు, ఆ ఏనుగుని నేను దాచిపెట్టినట్టు.

"గెలిచే ఆట పాడుచేశావు కదరా."

"ఆడింది మీరు గదంకుల్!"

అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ణి. చెక్కపెట్టె చుట్టూ మూగే జనం అన్నేళ్లకి నాకు మళ్లీ దొరికారు. వాళ్ల మాట విన్నప్పుడల్లా ఓడానని తెలుసు. అయినా శనివారం వస్తోందంటే లాప్‌టాప్ ముందే చార్జింగ్‌లో పెట్టేవాణ్ణి.

అలాంటి ఒక శనివారమే వరంగల్ అబ్బాయి ఓ మాట అన్నాడు. వాడు ఇక్కడి తెలుగు సంఘం కమిటీలో ఉన్నాడు. "అంకుల్, ఉగాదికి పిల్లలకి చెస్ పోటీ పెడ్తున్నం. జడ్జి మీరే. కాదనొద్దు."

"నాకెందుకురా అవన్నీ, ఇంగ్లీషు పిల్లలతో" అన్నాను బెట్టుగా. లోపల ఎంత సంబరపడ్డానో నాకే తెలుసు. అమెరికా వచ్చాక నన్ను ఎవరైనా ఒక పనికి పిలవడం అదే మొదలు. నియమాలన్నీ ప్రింటు తీయించుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.

ఆ రోజుల్లోనే సైటు నుంచి మెయిల్ వచ్చింది. ఈమధ్య మీ ఆట హఠాత్తుగా మారింది, అకౌంట్ ఆపి ఉంచాం, కింది ప్రశ్నకి వివరంగా జవాబు రాయండి అని. ప్రశ్న ఇది: ఆట జరుగుతుండగా ఏ ప్రోగ్రాం నుంచి గాని, ఏ మనిషి నుంచి గాని సాయం తీసుకున్నారా?

వివరంగా రాయమన్నారు కదా, వివరంగా రాశాను. పొద్దున్నించి కూర్చుని పేజీ నిండా ఇంగ్లీషు టైపు చేశాను. యంత్రం సంగతి: ఎప్పుడూ లేదు, దేవుడి తోడు. మనుషుల సంగతి: శనివారాల్లో మా ఇంట్లో ఎవరుంటే వాళ్లు సాయం చెబుతూనే ఉంటారు, మాలో అది మామూలే, నేను ఆట నేర్చుకున్న చోటా అంతే. నేరుగా అడిగినవాడికి నేరుగా చెబితే వ్యవహారం నేరుగా ముగుస్తుందని నా నమ్మకం. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో చెక్‌పోస్టు వాళ్లతో కూడా అలాగే నెగ్గుకొచ్చాను.

మర్నాటికల్లా ఎర్రగుర్తు పడింది.

సాయంత్రం అల్లుడికి చూపించాను. నా జవాబు చదివి తల పట్టుకున్నాడు.

"ఇదంతా ఎందుకు రాశారు మామయ్యా?"

"అడిగారు, చెప్పాను."

"నో అని ఒక్క ముక్క కొడితే పోయేది. వీసా కిటికీ దగ్గర అడిగినదానికి ఒక్క మాట చెప్పి ఊరుకోమని మీకు నేనే కదా నేర్పాను. ఇదీ అంతే."

"అక్కడ అబద్ధం ఆడమనలేదుగా నువ్వు."

"అబద్ధం ఎందుకవుతుంది? వాళ్లు చెప్పింది వేసి మీరెప్పుడైనా గెలిచారా?"

"ఎక్కడ గెలిచాను? వేసినప్పుడల్లా ఓడాను."

"మరి ఓడిపోయేట్టు చెబితే అది సాయం ఎలా అయింది?"

అమ్మాయి వంటింట్లోంచి అంది, "నాన్న నో అని రాస్తారా? పక్కింటివాళ్లు ఎలా ఉన్నారని పలకరిస్తే మోకాలి నొప్పి దగ్గర్నించి చెప్పే మనిషి." నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

అల్లుడన్న మాటలో న్యాయం ఉంది. అది పట్టుకుని అప్పీలు రాశాను. జవాబు వెంటనే వచ్చింది, అంటే మనిషి చదవలేదన్నమాట: మీ సందేశం అందింది, నిర్ణయం మారదు. ఇంకొకటి రాశాను. అక్షరం తేడా లేకుండా అదే జవాబు.

తరవాతి శనివారం వరంగల్ అబ్బాయి వచ్చాడు. బూట్లు విప్పుతూనే, "అంకుల్, మీ పేరు పక్కకు ఎర్రగ ఏందో కనవడ్తున్నది?" అన్నాడు.

ఇంకొకడు అందుకున్నాడు. "అంకుల్ చెస్ ఇంజిన్ పెట్టేశారు భయ్! పద్దెనిమిది వందలు ఊరికే వస్తుందా?"

"ఏ సాఫ్ట్‌వేర్ అంకుల్? మాక్కూడా చెప్పండి, రేటింగ్ పెంచుకుంటాం."

"ఇదిగో, ఇతనే నా సాఫ్ట్‌వేర్" అన్నాను వరంగల్ అబ్బాయిని చూపించి. "గుర్రంతో కొట్టు, గుర్రంతో కొట్టు అని నా చెవిలో అరిచింది ఇతను. అదే రాసి పంపాను."

నవ్వులు ఆగాయి. వాడి మొహం మారింది. "నా పేరు రాసిండ్రా ఏంది?" అని అడిగాడు. అదీ వాడికొచ్చిన మొదటి భయం. రాయలేదని చెప్పాక, ప్లేటు తీసుకుని బిర్యానీ వడ్డించుకున్నాడు. ఆ రోజు నా కుర్చీ వెనకకి ఎవరూ రాలేదు. ఆడటానికి అకౌంట్ ఉంటే కదా.

ఉగాది దగ్గర పడుతుండగా వాడు ఫోన్ చేశాడు, నాకు కాదు, అల్లుడికి. అల్లుడు స్పీకర్ పెట్టి వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాడు కాబట్టి విన్నాను. ఎవరో పేరెంట్ నా పేరు సైటులో వెతికాడట. మెసేజ్ గ్రూపులో పెట్టాడట. "అంకుల్ సంగతి మనకెరుకే గని, పిల్లల విషయం గద భయ్. ఈసారికి వేరేటోళ్లు చూసుకుంటరు. అంకుల్‌ని ముందల వరసల కూసుండవెడ్దాం, చీఫ్ గెస్ట్ లెక్క."

గుర్తు తీసేస్తే మళ్లీ పిలుస్తారా అని అల్లుడు అడిగాడు. "తీస్తే ఇంకేంది, పిలుస్తం" అన్నాడు వాడు. అప్పటినించీ నాకు అదే పని. గుర్తు తీయించాలి. ఆ ఉగాదికి కాకపోతే పై ఉగాదికి.

ముందు వరసలో కూర్చున్నాను, వెళ్లకపోతే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని. బడి కాఫెటీరియాలో పొడుగు బల్లలు వేసి, ప్లాస్టిక్ బోర్డులు పరిచారు. పిల్లలు బాగానే ఆడుతున్నారు. వాళ్ల వెనక తండ్రులు నిలబడ్డారు. ఒకాయన కొడుకు భుజం మీద చెయ్యి వేసి, పిల్లవాడు తప్పు పావు ముట్టుకోబోతే చెయ్యి నొక్కుతున్నాడు. ఇంకొకాయనకి దాపరికం కూడా లేదు, తెలుగులోనే చెప్పేస్తున్నాడు, "శకటు, శకటు, ఆ మూలకి." ఎదురు కూర్చున్న పిల్లకి తెలుగు సరిగ్గా రాదు కాబట్టి గొడవ లేదు. బ్యాడ్జి పెట్టుకుని బల్లల మధ్య తిరుగుతున్న జడ్జి ఎవరనుకున్నారు? వరంగల్ అబ్బాయే.

నేను లేచి వెళ్లి, తెలుగులో చెబుతున్న ఆ తండ్రితో, "పోటీలో చెప్పకూడదండీ, రూల్సులో ఉంది" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. గ్రూపులో నా సంగతి పెట్టింది ఆయనేనని తరవాత తెలిసింది. "పిల్లలాట అంకుల్, అంత సీరియస్ ఎందుకు? అయినా మీరా చెప్పేది?" అన్నాడు.

జడ్జి వంక చూశాను. వాడు గడియారం చూసుకున్నాడు.

వచ్చి కూర్చున్నాను. ఉగాది పచ్చడి కప్పు ఎవరో చేతికిచ్చారు. తినలేదు.

ఆ మాట, మీరా చెప్పేది అన్న మాట, అది చెవిలోంచి పోవడానికి చాలా రోజులు పట్టింది. పోయిందని కూడా అనను. ఆ సైటులోనే పెద్ద పెద్ద ఆటగాళ్లు వీడియో పెట్టుకుని ఆడతారు. చూసేవాళ్లు తెర పక్కన మాటలు రాసే చోట అది వెయ్యి, ఇది వెయ్యి అని రాస్తూనే ఉంటారు. ఆడే ఆయన అవి చదువుతూనే ఉంటాడు, నవ్వుతూనే ఉంటాడు. ఆయన పేరు పక్కన ఏ రంగు గుర్తూ లేదు. నిజంగా యంత్రం పెట్టుకుని ఆడేవాళ్లు ఉన్నారు, నాతోనే ఆడి గెలిచారు, వాళ్లని అడిగితే నో అని రాస్తారు, వాళ్ల ఆట సాగుతూనే ఉంటుంది. అడగ్గానే ఉన్నదున్నట్టు చెప్పినవాడు నేను.

ఇంకో ఉత్తరం రాశాను. ఈసారి అల్లుడికి చూపించలేదు, కత్తిరిస్తాడని. నేను ఎలా నేర్చుకున్నానో మొదటినించీ రాశాను. మౌస్ సంగతి, ఒకే మొదలు సంగతి, అవతలివాడి టైంలో ఆలోచించడం, రెండు ఓడితే ఆపడం, అన్నీ. నా ఆటలన్నీ మీ దగ్గరే ఉన్నాయి, విప్పి చూడండి అన్నాను. మామూలు రోజుల్లో ఇంట్లో నేను ఒక్కణ్ణే, ఆ రోజుల్లో గెలిచాను. శనివారాలు జనం వస్తారు, ఆ రోజుల్లో ఓడాను. నా రేటింగ్ పెరిగింది మామూలు రోజుల్లో, తగ్గింది శనివారాల్లో. సాయం అంటే ఇదా? మీకు ఇంకా అనుమానం ఉంటే కెమెరా పెట్టండి, మీలో ఎవరితోనైనా ఆడతాను, గెలిపించమనడం లేదు, గుర్తు తీయమంటున్నాను. పిల్లల ముందు నిలబడాల్సిన పని ఉంది నాకు. అని రాసి, కింద నా వయసు కూడా వేశాను. వయసు వెయ్యడం ఇష్టం లేకపోయినా వేశాను.

ఈసారి వెంటనే జవాబు రాలేదు. ఎవరో మనిషి చదువుతున్నాడని ఆశపడ్డాను. టెక్సాస్ ఎండలు ముదిరి, పెరట్లో గడ్డి ఎండిపోయింది. రోజూ మెయిల్ తెరిచేవాణ్ణి. చూడగా చూడగా అమ్మాయి, "నాన్నా, వేరే సైటులో ఆడుకోవచ్చుగా" అంది. ఆడుకోవచ్చు. వేరే సైటులో నేను దొంగని కాను, ఎవణ్ణీ కాను. పోయింది ఎక్కడో అక్కడే దొరకాలి నాకు. పై ఉగాదికి జడ్జిని వెతకడం మొదలుపెట్టారని కూడా తెలుస్తూనే ఉంది. శనివారాలు వరంగల్ అబ్బాయి రావడం తగ్గించాడు. వచ్చినప్పుడు నన్ను చూసి, "ఏమన్న జవాబొచ్చిందా అంకుల్?" అని అడిగి, నేను చెప్పేలోగా అవతలి గదిలోకి వెళ్లిపోయేవాడు.

చివరికి జవాబు వచ్చింది. మనిషే రాశాడు, సందేహం లేదు, కింద ఎవరిదో పేరు ఉంది. ఆడపిల్లో మగపిల్లాడో తెలీదు. మర్యాదగానే రాశారు. మూడుసార్లు చదివి, డిక్షనరీ అవసరం ఒక్క మాటకి కూడా పడలేదని గమనించి, లాప్‌టాప్ అల్లుడికి తిరిగి ఇచ్చేశాను. నాకొచ్చిన తెలుగులో అది ఇది:

"మీ సుదీర్ఘమైన ఉత్తరానికి కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే మీ ఆటలన్నీ మళ్లీ చూశాం. కంప్యూటర్ సాయం తీసుకున్నట్టు మాకు ఏ ఆధారమూ కనపడలేదు. అయితే ఇతరుల సాయంతో ఆడినట్టు మీరే మాకు రాశారు కాబట్టి, మా నిర్ణయాన్ని మార్చలేం. గుర్తు అలాగే ఉంటుంది. తప్పు చేసినవాళ్లలో ఒప్పుకునేవాళ్లు చాలా అరుదు. మీ నిజాయితీని మేం ఎంతో మెచ్చుకుంటున్నాం. అందుకు గుర్తింపుగా, కొత్త పేరుతో ఇంకొక అకౌంట్ మొదటినించీ తెరుచుకోవడానికి మీకు అవకాశం ఇస్తున్నాం. ఈసారి ఆడేటప్పుడు దయచేసి గదిలో మీరొక్కరే ఉండేలా చూసుకోండి."